ముందు కంట్రోలర్, తర్వాతే ప్యానెళ్లు



అమెరికాలో క్యాంపింగ్ ట్రెయిలర్ల గురించి మీరు వేసిన వ్యాసం బాగుంది. పైకప్పు మీద రెండు సోలార్ ప్యానెళ్లు బిగిస్తే ఇక కరెంటు చింత ఉండదన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. అరిజోనాలో క్వార్ట్‌సైట్ చుట్టూ ఉన్న ప్రభుత్వ భూముల్లో చలికాలమంతా ఎందరో ట్రెయిలర్లు నిలుపుకుంటారు. అక్కడ కరెంటు లైను ఉండదు. రాత్రి గ్యాస్ హీటర్ వెలిగినా, దాని ఫ్యాన్ తిరగడానికి బ్యాటరీయే దిక్కు. ఆ బ్యాటరీ నిండడం, మన్నడం ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండే ఛార్జ్ కంట్రోలర్ చేతిలో ఉన్నాయి.

100 వాట్ల మామూలు ప్యానెల్ 18 వోల్టుల దగ్గర అయిదున్నర ఆంపియర్లు ఇస్తుంది. చవకైన పీడబ్ల్యూఎం కంట్రోలర్ దాన్ని బ్యాటరీ వోల్టేజీకి, అంటే 13కు దించేస్తుంది. ఆంపియర్లు పెరగవు కాబట్టి మనకు దక్కేది 70 వాట్ల పైచిలుకే. ఎంపీపీటీ రకం ఆ మిగులు వోల్టేజీని ఆంపియర్లుగా మార్చి ఇస్తుంది. ఒక్క ప్యానెల్‌తో నాలుగు లైట్లు వెలిగించుకునేవాళ్లకు పీడబ్ల్యూఎం చాలు. ఇళ్ల మీద వేసే 30 వోల్టుల ప్యానెళ్లు తెచ్చి దానికి తగిలిస్తే మాత్రం సగానికి పైగా నష్టమే. ఎంపీపీటీతో ప్యానెళ్లను సిరీస్‌లో కలిపేవాళ్లూ ఒకటి చూసుకోవాలి. చలికి ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది. అది కంట్రోలర్ పరిమితి దాటితే కంట్రోలర్ కాలిపోతుంది.

నా అసలు బాధ కంట్రోలర్‌ను బిగించే చోటు గురించి. అంకెలు కంటికి కనబడతాయని చాలా ట్రెయిలర్లలో వంటగట్టు పక్క గోడకు పెడతారు. బ్యాటరీ చూస్తే బండి ముందు కొక్కెం దగ్గర, బయట ఉంటుంది. మధ్య దూరం 6 మీటర్లయితే వైరు పోనూ రానూ 12 మీటర్లు. 10 గేజి వైరులో 20 ఆంపియర్లు పారితే దారిలోనే 0.8 వోల్టు పోతుంది. కంట్రోలర్ 14.4 ఇస్తున్నాననుకుంటుంది, బ్యాటరీకి చేరేది 13.6. బ్యాటరీ నిండుతోందనుకుని కంట్రోలర్ కరెంటు ముందే తగ్గించేస్తుంది. చలికాలపు పొట్టి పగళ్లలో లెడ్ యాసిడ్ బ్యాటరీ రోజూ అరకొరగానే నిండి, పలకలకు సల్ఫేట్ పట్టి త్వరగా పాడవుతుంది. జనం ఇంకో ప్యానెల్ కొంటారు. కొనాల్సింది ప్యానెల్ కాదు, చేయాల్సింది కంట్రోలర్‌ను బ్యాటరీకి ఒకటి రెండు గజాల దూరానికి, ముందున్న సామాన్ల అరలోకి మార్చడం. అంకెలు ఫోన్‌లో చూపించే కంట్రోలర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. బ్యాటరీ పెట్టెలోనే మాత్రం బిగించకూడదు, లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజు ఉండాలి. ముందు బ్యాటరీ కలిపి, ఆ తర్వాతే ప్యానెల్ కలపాలి.

లిథియం బ్యాటరీకి మారినవాళ్లు కంట్రోలర్‌లో పాత సెట్టింగు వదిలేయకూడదు. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే ఆ బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. మా కొలరాడో కొండల్లో అక్టోబరు రాత్రులకే ఆ చలి వస్తుంది.

మీ వ్యాసం చదివి బండి కొనబోయేవాళ్లు ఉంటారు. దయచేసి వచ్చే సంచికలో వైరు పొడవు, మందం, వోల్టేజీ నష్టం చూపే చిన్న పట్టిక ఒకటి వేయండి.

— మీ పాఠకుడు, డెన్వర్