కల్తీకి మందు మన అట్లకాడేనా?

దీపావళికి పది రోజుల ముందు నుంచీ పేపర్లలో, టీవీల్లో ఒక వార్త తప్పకుండా వస్తుంది. ఫలానా చోట తనిఖీ చేశారు, కల్తీ కోవా పట్టుకున్నారు, గొయ్యి తీసి పూడ్చేశారు. ఇంతవరకూ బాగానే ఉంటుంది. ఆ వార్త చివర ఒక సలహా ఉంటుంది చూడండి, నాకు ఒళ్ళు మండేది అక్కడే. బయట కొనకండి, గృహిణులు ఇంట్లోనే కోవా చేసుకుంటే ఆరోగ్యానికి మంచిదిట!

కల్తీ చేసినవాడు ఒకడు. పట్టుకోవడానికి జీతం తీసుకునేవాడు ఇంకొకడు. రెండు గంటలు బాండీ ముందు నిలబడవలసింది మాత్రం మనమా? ఇదెక్కడి న్యాయమండీ?

కోవా చెయ్యడం రాక అంటున్నాననుకోకండి. మా ఇంట్లో పచ్చికోవా నేనే చేస్తాను, బాగా చేస్తాను. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి బాండీ కావాలి, పాలు అందులో సగానికి మించకూడదు. పొంగు వచ్చేదాకా పెద్ద మంట, తరవాత మధ్యస్థం. గరిటె పనికిరాదు, అట్లకాడ ఉండాలి. అడుగు గీకుతూ, అంచుకి అంటుకున్న మీగడని మళ్ళీ పాలల్లోకి దింపుతూ ఉండాలి. సగం ఇగిరేదాకా కొంచెం అటూ ఇటూ తిరగొచ్చు. ఆ తరవాత మాత్రం కదలడానికి లేదు. పాలు చిక్కబడి టపటపా చిందుతున్నప్పుడు ఫోను మోగినా, గుమ్మంలో ఎవరు పిలిచినా వెళ్ళకూడదు. ఒక్క నిమిషం వదిలితే అడుగంటుతుంది, ఆ మాడు వాసన కోవా అంతటికీ పడుతుంది. బాండీని వదిలి ముద్దగా కదిలినప్పుడు, ఇంకా కాస్త మెత్తగా ఉండగానే దింపెయ్యాలి. చల్లారితే గట్టిపడుతుంది.

ఇంతా చేస్తే ఎంతొస్తుంది? ఫుల్‌క్రీమ్ పాలల్లో 6 శాతం వెన్న, 9 శాతం తక్కిన ఘనపదార్థాలు. మిగిలిన 85 శాతం నీళ్ళే. లీటరు పాలకి 200 నుంచి 220 గ్రాముల కోవా వస్తుంది. టోన్డ్ పాలైతే 170 గ్రాములు దాటదు. అంటే కిలో కోవాకి అటూ ఇటూగా ఐదు లీటర్ల పాలు. లీటరు 70 రూపాయలనుకున్నా పాల డబ్బే 350. గ్యాసు వేరు. మన చెయ్యి అసలు లెక్కలోకే రాదు.

"ఇంట్లో చేస్తే చవక కదా" అనేవాళ్ళకి ఈ లెక్క చెప్పండి. చవకగా కనిపిస్తోందంటే చేసేవాళ్ళకి కూలి ఇవ్వట్లేదు కాబట్టి, అంతే. "రెండు గంటలేగా, ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అనేవాళ్ళూ ఉన్నారు. పండగ ముందు రోజు ఆ రెండు గంటల్లో ఇల్లు కడగడం, ముగ్గులు, బట్టలు, వచ్చేవాళ్ళకి పక్కలు, వంట, అన్నీ ఉంటాయి. ఆ పనులు ఎవరు చేస్తారు? మళ్ళీ మనమే, రాత్రి పదకొండు దాటాక. మా ఆయన అయితే "నువ్వు చేస్తే ఆ రుచే వేరోయ్" అంటారు. సంతోషమే. ఆ మాట అంటూ అట్లకాడ ఓ అరగంట పట్టుకుంటే ఇంకా సంతోషం.

ఇదే లెక్కని బజారు వైపు తిప్పండి. పంచదార కలపని పచ్చికోవా ఎవరైనా పాల ఖరీదు కన్నా తక్కువకి అమ్ముతున్నారంటే అందులో ఉన్నది పాలు ఒక్కటే కాదని అర్థం. పిండి కలుస్తుంది, వెన్న తీసేసిన పాలపొడి కలుస్తుంది, వెన్న బదులు వనస్పతి కలుస్తుంది. పిండి సంగతి ఇంట్లోనే తెలుసుకోవచ్చు. కొంచెం కోవా నీళ్ళల్లో వేసి మరిగించి, చల్లారాక రెండు చుక్కలు టింక్చర్ అయోడిన్ వెయ్యండి. నీలం రంగుకి తిరిగితే పిండి కలిసినట్టే.

సరే, ఇంట్లోనే చేశామనుకోండి. ఏ పాలతో చేస్తున్నాం? పాలల్లోనే కల్తీ ఉంటే మన బాండీ దాన్ని తీసెయ్యగలదా? నీళ్ళు కలిపితే ఇగిరిపోతాయి, నిజమే. పిండి ఇగరదు, యూరియా ఇగరదు. ఐదు లీటర్లలో ఉన్నదంతా కిలో ముద్దలోకి వచ్చి కూర్చుంటుంది. కాబట్టి "ఇంట్లో చేసుకోండి" అన్నది కల్తీకి మందు కాదు, కల్తీ గురించి అడగకుండా మనల్ని వంటింట్లోకి పంపించే మాట. పాలనీ నీళ్ళనీ వేరు చేసేది హంస అని చదువుకున్నాం. ఆ హంస పని చెయ్యడానికి ప్రభుత్వంలో ఒక శాఖే ఉంది. దాని పని మన నెత్తిన పెడితే ఎలా?

ఇంకొందరు "మన పెద్దవాళ్ళు చేసుకోలేదా?" అని పూర్వకాలానికి వెళ్ళిపోతారు. నేను తెలుగు బి.ఏ. చదివినదాన్ని, కోవా అన్న మాటే మనకి హిందీ వైపు నుంచి వచ్చింది. మన పండగల పిండివంటలంటే అరిసెలు, బూరెలు, పరమాన్నం. మా అమ్మమ్మ కాలంలో గేదె ఈని పాలు మిగిలిపోతే కోవా చేసేవారు, అదీ వాడకం. పండగకి కోవా చెయ్యని ఇల్లాలు ఏం ఇల్లాలని ఎవరూ అనలేదు. అరిసెలు చేసినా ఒక్కర్తే చెయ్యలేదు. పిండి దంచడానికి ఇద్దరు, పాకం చూడ్డానికి ఒకరు, వత్తడానికి ఇంకొకరు. ఆ చేతులన్నీ వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఫ్లాటులో ఒక్క మనిషే మిగిలింది. పనులు మాత్రం తగ్గలేదు, కోవా కొత్తగా చేరింది.

మన పక్కనే ఉన్న మాడుగుల హల్వా సంగతి చూడండి. 2022లో అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా మాడుగుల మన విశాఖ జిల్లాదే. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పంచదార, నెయ్యి వేసి గంటలు గంటలు కలుపుతారు. ఇక్కడ భీమిలిలో మన ఇళ్ళకి చుట్టాలొస్తే ఆ పొట్లం తెచ్చి పెడతాం. "అయ్యో, ఇంట్లో చెయ్యలేదా?" అని ఎవరైనా అడిగారా? అది ఓ వృత్తి, చేసేవాళ్ళు చేస్తారు, మనం డబ్బిచ్చి కొంటాం అని అందరికీ తెలుసు. తమిళనాడులో శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా కూడా అలాంటిదే. పాలు, పంచదార, అంతే. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక ఊరు ఊరంతా పేరు తెచ్చుకునేలా పాలకోవా చేసి అమ్మగలిగినప్పుడు, మన దగ్గర మంచి కోవా కొనుక్కోవాలనుకోవడం అత్యాశా?

పైగా చట్టాలు లేవా అంటే ఉన్నాయి. కోవాలో ఘనపదార్థాలు కనీసం 55 శాతం ఉండాలి, నీరు తీసేసిన లెక్కలో 30 శాతం పాల వెన్న ఉండాలి. టోన్డ్ పాలతో చేసిన కోవా ఆ లెక్కకి అందదు, మీరే వేసి చూసుకోండి. విడిగా ట్రేలో పెట్టి అమ్మే మిఠాయిల దగ్గర ఏ తేదీలోగా తినాలో రాసి పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన ఉంది. నేను ఒక దుకాణంలో "తేదీ ఏదండీ?" అని అడిగితే "పొద్దున్నే చేసిందమ్మా, కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి" అన్నాడు. కళ్ళు మూసుకోమనడం ఎంత బాగుందో! నా వెనకాల నిలబడ్డావిడ "ఏటమ్మా, పండగ పూట ఈ తగువు" అని విసుక్కుంది. తగువు కాదు తల్లీ, డబ్బిచ్చి కొనే వస్తువు.

చాలామందికి తెలియని ఇంకొకటి ఉంది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో 40వ సెక్షన్ ప్రకారం, కొన్నవాళ్ళు కూడా వస్తువుని ప్రభుత్వ ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే ఆ సంగతి దుకాణదారుకి చెప్పాలి, రుసుము కట్టాలి. వస్తువు చట్టం ప్రకారం లేదని తేలితే ఆ రుసుము వెనక్కిస్తారు. పండగ వార్తల్లో ఇంట్లో చేసుకోమని రాసేబదులు ఈ ఒక్క ముక్క, ఎక్కడికి వెళ్ళాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నది వేస్తే ఎంత మేలు! అది వెయ్యరు. మనకి రెసిపీ వేస్తారు.

ఇందులో నష్టపోయేది మనమొక్కరమే కాదు. మా చుట్టుపక్కల ఆనందపురం, పద్మనాభం వైపు పల్లెల్లో గేదెకి కుడితి పెట్టేదీ, పేడ ఎత్తేదీ, పాలు పితికేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. పాలతోనే కోవా చేసి న్యాయమైన ధరకి అమ్మాలనుకునేవాళ్ళు పిండి కలిపేవాడి ధరతో పోటీ పడలేరు. బజారు కోవా అంతా విషమని మనం ముఖం తిప్పేసుకుంటే ముందు మూతపడేది ఆ నిజాయితీ పొయ్యే. కల్తీ చేసేవాడు మాత్రం పేరు మార్చి ఇంకో వీధిలో అమ్ముకుంటాడు.

కాబట్టి నేను చెప్పేది ఇదీ. కోవా చెయ్యాలని సరదా వేస్తే చెయ్యండి. పాలు బంగారు రంగుకి తిరుగుతుంటే వచ్చే ఆ వాసన నాకూ ఇష్టమే. చేసిన రోజున బాండీ దగ్గర ఇంట్లో ఇంకొకర్ని నిలబెట్టండి, కొడుకైనా సరే, మొగుడైనా సరే. చెయ్యాలని లేకపోతే చెయ్యకండి, అందుకు ఎవరికీ సంజాయిషీ ఇవ్వకండి. కొనేటప్పుడు తేదీ అడగండి, బిల్లు అడగండి. పాల ఖరీదు కన్నా తక్కువకి దొరికే కోవాని ముట్టుకోకండి. అనుమానం వస్తే ఊరుకోకుండా ఆహార భద్రత అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. పదిమందిమి రాస్తే పండగ ముందు పది రోజులే కాదు, ఏడాది పొడుగునా తనిఖీ చెయ్యవలసి వస్తుంది.