పిలుపులో మన్నన ఎవరికి?

మన పల్లెల్లో ఒక విడ్డూరం నేటికీ చూస్తున్నాం. పాతికేళ్ళ గుమాస్తా వస్తే "ఆయన వచ్చారు" అంటారు. అరవై ఏళ్ళ పాలేరు వస్తే "వాడొచ్చాడు". ఆసామి ఇల్లాలు "ఆయమ్మ". ఆమె చేలో కలుపు తీసే ముసలామె "అది". పెద్దలను గౌరవించాలని పిల్లలకు చెప్పేవారే కులాన్నీ కలిమినీ చూసి మాట మార్చేస్తున్నారు. ఆసామి కొడుకు, బడికి పోయే వయసువాడు, తాత వయసు మనిషిని "ఒరే" అంటే ఇంట్లో మందలించే వారుండరు.

తెలుగులో మర్యాదకు మాటలు కరువు కాలేదు. అతను, ఆయన, వారు, ఆమె, ఆవిడ ఉన్నాయి. సీమలో ఆయప్ప, ఆయమ్మ అనే చక్కని మాటలున్నాయి. క్రియ దగ్గరే చిక్కు. ఆవూ వచ్చింది, అమ్మా వచ్చింది! స్త్రీని పశువు సరసన నిలిపిన ఈ వ్యాకరణాన్ని మార్చలేం గాని, "వచ్చారు" అనడానికి అడ్డేమీ లేదు.

చనువుకొద్దీ అంటున్నామని కొందరి సమర్థన. తల్లినీ దేవుణ్ణీ "నువ్వు" అంటాం, నిజమే. ఈడువారు "ఏరా" అనుకుంటే తప్పు లేదు. మరి పాలేరు తిరిగి ఆసామిని "ఏరా" అనగలడా? అనలేడు. కనుక దానిని చనువు అనుకోవడానికి వీలులేదు.

దళితులను, గిరిజనులను కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. కాని రోజూ వినిపించే "వాడు", "అది" మీద ఎవరు ఫిర్యాదు చేస్తారు? 1993లో అమలుకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో మహిళలకు పంచాయతీలలో కనీసం మూడో వంతు స్థానాలు దక్కాయి. దళిత మహిళ సర్పంచి కుర్చీలో కూర్చుంది. ఆమె ఎదుట "మేడం" అనేవారే రచ్చబండ దగ్గర "అది" అంటున్నారు.

హిజ్రాల పట్ల మన తీరు మరీ దారుణం. స్త్రీగా బతుకుతున్న మనిషిని కావాలని "వాడు" అని నవ్వుకుంటారు. తాను స్త్రీయో, పురుషుడో, మూడవ లింగమో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2019 చట్టం కింద జిల్లా మేజిస్ట్రేటు గుర్తింపు పత్రం ఇస్తారు. ఆవిడ అనాలో, అతను అనాలో తెలియకపోతే అడగవచ్చు. అడగడానికి మొహమాటమైతే "వారు", "వచ్చారు" అంటే సరి. ఆ మాటల్లో ఆడామగా తేడాయే లేదు. మొదట్లో నాలుక తడబడుతుంది. తప్పు దొర్లితే దిద్దుకుని మాట సాగించాలి గాని, దానిని నవ్వులాట చేయరాదు.

పంచాయతీ సిబ్బంది, చౌకధరల దుకాణదారు, బస్సు కండక్టరు రోజుకు ఎందరినో పిలుస్తారు. కూలివారినీ "మీరు" అనాలని వీరికి పై అధికారులు గట్టిగా చెప్పాలి. వచ్చే గ్రామసభలో సర్పంచులు ఈ విషయాన్ని చర్చకు పెట్టాలి.