పుదుచ్చేరి: తరగతి గదిలో పాఠం, వీధి చివర దుకాణం

మాదకద్రవ్యాలు, మద్యానికి దూరంగా ఉంటామని పాఠశాల విద్యార్థులతో ప్రతిజ్ఞ చేయించడం నేడు దేశమంతటా కనిపిస్తున్న దృశ్యం. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో ఆరంభమైన ‘నశా ముక్త్ భారత్ అభియాన్’ అనంతరం అన్ని జిల్లాలకూ విస్తరించింది. పుదుచ్చేరిలో మాత్రం ఈ ప్రచారానికి ఎదురయ్యే పరీక్ష కఠినమైనది.

తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌లలో మద్యం కొనుగోలుకు కనీస వయసు 21 ఏళ్లు కాగా, ఇక్కడ 18 మాత్రమే. పన్నెండో తరగతి ముగిసేసరికే విద్యార్థికి మద్యం దుకాణంలో అడుగుపెట్టే హక్కు లభిస్తోంది. పొరుగు రాష్ట్రాలతో పోలిస్తే ధరలూ సాధారణంగా తక్కువే. ఎక్సైజ్ రాబడి ఖజానాకు ముఖ్య ఆధారం కావడంతో ఆంక్షల బిగింపు ప్రభుత్వానికి సులభం కాదు. యానాం కూడా ఇదే పాలనలో ఉన్నందున గోదావరి తీరంలోని తెలుగు కుటుంబాలకూ ఇది సొంత సమస్యే.

ముప్పు మద్యం, గంజాయిలతో ముగియదు. జిగురు, థిన్నర్ వంటివాటిని పీల్చే అలవాటు పెద్దల్లో 0.58 శాతం కాగా, 10–17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతమని 2019లో వెలువడిన జాతీయ సర్వే తేల్చింది. ఇవి సాధారణ దుకాణాల్లోనే దొరుకుతాయి.

పిల్లలకు మత్తు పదార్థాలు అందించేవారికి బాలల న్యాయ చట్టం, 2015 ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా నిర్దేశిస్తోంది. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు విక్రయం నిషిద్ధం. వీటి అమలే ప్రచారానికి బలం. అలవాటు బారిన పడిన విద్యార్థిని బహిష్కరిస్తే మిగిలినవారు నోరు విప్పరు. శిక్ష భయం లేకుండా చెప్పుకొనే ఉపాధ్యాయుడు, 14446 సహాయవాణి అందుబాటులో ఉన్నప్పుడే ప్రతిజ్ఞకు సార్థకత.