తోడెవరు?

ఆడపిల్ల ఊరు దాటవలసి వచ్చినప్పుడు మన ఇండ్లలో మొదట వినబడే ప్రశ్న "ఎందుకు పోతున్నావు?" అన్నది కాదు, "తోడెవరు?" అన్నది. జ్యోతినగర్ క్వార్టర్లలోనైనా, గోదావరిఖని కార్మికుల వాడలలోనైనా ఇదే మాట. మంచి మార్కులతో డిగ్రీ ముగించి, హైదరాబాదులో సీటు వచ్చి కూడా ఈ ప్రశ్నకు జవాబు లేక ఇంట నిలిచిపోయిన విద్యార్థినులను మేము ఎరుగుదుము. దూరం సుమారు 230 కిలోమీటర్లు, రైలులో ఒక పూట. ఆ ఒక్క పూటకు అన్నకు సెలవు దొరకదు, అబ్బాజాన్‌కు షిఫ్టు మారదు, చదువు ఆగిపోతుంది.

ఇట్టి స్థితిలో స్త్రీ ఒంటరిగా సింహళ ద్వీపానికి పోవడం గురించి వ్రాయబూనడం వింతగా తోచవచ్చును. హైదరాబాదుకే పంపని వారికి శ్రీలంక ముచ్చటేమిటని పెద్దలు నవ్వవచ్చును. అయినను వ్రాస్తున్నాము. ఏలననగా, మద్రాసులో విమానమెక్కితే కొలంబో గంటన్నర లోపలి దూరం. మన ఊరి నుండి మద్రాసు చేరుటకే అంతకు ఎన్నో రెట్లు కాలం పడుతుంది. దూరం కంటె భయమే పెద్దదని చెప్పుటకు ఇంతకన్న మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

ఆ ద్వీపపు చరిత్రలోనే ఒక స్త్రీ యాత్ర ఉన్నది. అశోకుని కుమారుడు మహేంద్రుడు అక్కడ ధర్మప్రచారం చేయుచుండగా, అనులాదేవి తానును భిక్షుణి కాగోరినదట. స్త్రీకి దీక్ష యిచ్చుట భిక్షువు వలన కాదు. అందుకై సోదరి సంఘమిత్ర బోధివృక్షపు కొమ్మతో సముద్రం దాటినదని మహావంశం చెప్పుచున్నది. ఆమె వెంట భిక్షుణులు ఉండిరి, నిజమే. కాని మగవాడు చేయలేని పనికై స్త్రీ బయలుదేరవలసి వచ్చినదన్న సంగతి గమనింపదగినది. ఆ కొమ్మ నుండి పెరిగినదని చెప్పే చెట్టు అనురాధపురంలో నేటికీ ఉన్నది.

మన తెలుగు నేలకు ఆ ద్వీపం పరాయిది కాదు. క్రీ.శ. 3వ శతాబ్దిలో నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేది. బోధిసిరి అను ఉపాసిక చేసిన దానధర్మాలు అక్కడి శాసనంలో చెక్కబడి ఉన్నవి. 1739 నుండి 1815 వరకు క్యాండీని ఏలినవారు తెలుగు మూలాలు గల నాయక వంశీయులు. అంతకంటె మాకు ముచ్చట గొలిపినది మరొకటి: అనురాధపురం జిల్లాలో అహికుంటకులనే పాములవారు నేటికీ తెలుగు మాట్లాడుతారు. చరిత్ర పాఠంలో రాజులకు చోటుంటుంది గాని, పాములవారికి ఎందుకుండదో!

రెండేండ్ల క్రితం మేము ఒంటరిగా ఆ దేశం వెళ్ళి పది రోజులు తిరిగి వచ్చినాము. తేయాకు కొండలూ, సముద్రతీరాలూ పటాలలో చూచినవే గనుక వర్ణించబోము. శ్రీపాద పర్వతం గురించి మాత్రం చెప్పవలెను. 2,243 మీటర్ల ఎత్తున శిఖరం మీద ఒక పాదముద్ర ఉన్నది. బౌద్ధులకది బుద్ధునిది, హిందువులకు శివునిది, మనకు ఆదం అలైహిస్సలాం వారిది. 1344లో ఇబ్న్ బతూతా ఈ కొండ ఎక్కినాడు. డిసెంబరు నుండి మే వరకు జనం రాత్రివేళ దీపాల వెలుగులో మెట్లు ఎక్కుతారు. తెల్లని బట్టలు కట్టిన ముసలమ్మలు, చంకన పిల్లలతో తల్లులు, దారి పొడుగునా చాయ్ దుకాణాలు. ఎన్నిసార్లు ఎక్కితే అన్నిసార్లు పైన గంట మోగించుట ఆచారం. మా ముందరి అవ్వ పదకొండుసార్లు మోగించినది. అర్ధరాత్రి వేళ, పరాయి దేశంలో, దుపట్టా కప్పుకొన్న ఒంటరి స్త్రీని ఆ మెట్ల మీద ఎవరూ వింతగా చూడలేదు.

అట్లని లంక స్వర్గం కాదు. 1960లో సిరిమావో బండారనాయకే ప్రపంచంలోనే తొలి మహిళా ప్రధాని అయినది ఆ దేశంలోనే. అక్కడి బస్సులలో, రైళ్ళలో 90 శాతం స్త్రీలు వేధింపులకు లోనైనారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2017లో వెలువరించినదీ ఆ దేశం గురించే. రద్దీ బస్సులో మాకును మోచేయి అడ్డం పెట్టవలసి వచ్చినది. కనుక చీకటి పడకముందే బస చేరుట, స్త్రీల పక్కన కూర్చుండుట, డబ్బు రెండు చోట్ల ఉంచుట, రోజూ రాత్రి ఇంటికి ఫోను చేయుట నియమంగా పెట్టుకొన్నాము. వరంగల్లు పోయినా అవే నియమాలు కావలెను.

ఇక ధర్మం మాట. మహరం లేని ప్రయాణం కూడదన్న హదీసును పెద్దలు మాకు చూపుతారు. దానిని మేము తేలికగా తీసివేయము. కాని అదీ బిన్ హాతిం గారి హదీసు కూడా ఉన్నది: హీరా నుండి ఒక స్త్రీ కాబా వరకు అల్లాహ్‌కు తప్ప మరెవరికీ భయపడక ప్రయాణించే కాలం వస్తుందని ప్రవక్త గారు ఆయనకు తెలిపినారు. దారి భద్రంగా ఉంటే, నమ్మకమైన స్త్రీల తోడుతో హజ్ ఫర్జ్ నెరవేర్చవచ్చునన్న ఉలమాలు పూర్వమే ఉన్నారు. 2018 హజ్ నుండి మన దేశంలో 45 ఏండ్లు దాటిన స్త్రీలకు మహరం లేకుండా, కనీసం నలుగురి బృందంగా వెళ్ళు వీలు కలిగినది. మన గనుల సంగతే చూడుడు. 1952 నాటి గనుల చట్టం స్త్రీని భూగర్భంలోకి దిగనీయలేదు. 2019లో షరతులతో అనుమతి దొరికినది. గనిలోకి దిగవచ్చునన్న స్త్రీ రైలెక్కరాదని అనుటలో ఏ తర్కమున్నదో మాకు బోధపడలేదు.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం. విద్యార్థినులను లంకకు పంపుడని మేము అడుగుట లేదు. నాగార్జునకొండ ఇప్పుడు జలాశయం నడుమ ఒక ద్వీపం, లాంచీలో పోవలెను. ఆనకట్ట నీటిలో మునుగనున్న కట్టడాలలో కొన్నింటిని ఆ కొండ పైకి తరలించి నిలిపినారు, మ్యూజియం పెట్టినారు. వచ్చే విద్యాసంవత్సరం చివరి సంవత్సరపు విద్యార్థినులు ఇద్దరిద్దరుగా, లెక్చరర్ల వెంట కాక తామే దారి విచారించుకొని, అక్కడికి పోయి వచ్చి వ్యాసం వ్రాయునట్లు ఏర్పాటు చేయుడు. 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మన రాష్ట్రపు ఆడవారికి టికెట్టు ఉచితం గనుక సాగర్ వరకు ఖర్చు లేదు. లాంచీ ఛార్జీ మాత్రం కళాశాల భరించవలెను.