చికిత్స ముగిసిన మర్నాటి ప్రశ్న

కేన్సర్ గురించి రాజధానిలో మాట్లాడవలసి వచ్చినపుడెల్లా పాలకులు భవనాలను, యంత్రాలను లెక్క చెప్పడం ఆనవాయితీ. 2025 ఫిబ్రవరి 1న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ తమ బడ్జెటు ప్రసంగంలో, మూడేళ్ళలో అన్ని జిల్లా ఆస్పత్రులలోను పగటిపూట చికిత్స చేసి ఇంటికి పంపే కేన్సర్ కేంద్రాలను నెలకొల్పుతామని, వాటిలో 200 ఆ ఆర్థిక సంవత్సరంలోనే ఏర్పడతాయని ప్రకటించారు. అంతకు ఆరేళ్ళ ముందు, 2019లో, ఢిల్లీ పొరుగున హర్యానాలోని ఝజ్జర్ జిల్లాలో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన జాతీయ కేన్సర్ సంస్థ ప్రారంభమయినది. ఇవన్నీ చేయవలసిన పనులే. కాని చికిత్స పొందిన మనిషి ఆ తరువాత ఏమవుతాడన్న ప్రశ్న ఈ లెక్కలలో ఎక్కడా కానరాదు. రేడియేషన్ చికిత్స చివరి రోజున ఆస్పత్రి అతనిని సాగనంపుతుంది. ఆ తరువాత అతని కుర్చీ ఆఫీసులో అతని కోసం ఉంటుందా, ఉంటే ఏ షరతులపై ఉంటుందన్నది వైద్యులు తేల్చే సంగతి కాదు. అది శాసనాలకు, పాలనకు సంబంధించిన విషయం.

ఈ విషయం కొద్దిమందికి పరిమితమయినది కాదు. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా కేన్సర్ బారినపడినవారు 14 లక్షల పైచిలుకు. స్త్రీలలో రొమ్ము కేన్సర్, పురుషులలో నోటి కేన్సర్ అన్నింటికంటె ఎక్కువ. ఈ రెండింటి చికిత్సలోను రేడియేషన్ పాత్ర పెద్దది. సంసారభారం మోస్తూ, నెల జీతం మీద ఆధారపడిన వయసువారు ఈ రోగులలో ఎందరో ఉన్నారు.

చికిత్స పొందుతూనే పని చేసినవారిలో రాజధాని ఎరిగిన ప్రముఖుడు శరద్ పవార్. 2004 లోక్‌సభ ఎన్నికల సమయంలో ఆయనకు నోటి కేన్సర్ ఉన్నట్లు తేలినది. ఆ ఎన్నికల అనంతరం ఆయన మన్మోహన్ సింగ్ మంత్రివర్గంలో వ్యవసాయశాఖను చేపట్టారు. తనకు 36 పర్యాయాలు రేడియేషన్ ఇచ్చారని, ఉదయం తొమ్మిది నుండి మధ్యాహ్నం రెండు వరకు మంత్రిత్వశాఖ పని చూచుకొని ఆపైన అపోలో ఆస్పత్రికి వెళ్ళేవాడినని, బాధ భరించలేక ఇంటికి పోయి పడుకొనేవాడినని ఆయనే తరువాత బహిరంగ సభలో చెప్పారు. ఆరునెలలకు మించి బ్రతకరని, ముఖ్యమైన పనులు చక్కబెట్టుకోవలసినదని ఒక వైద్యుడు సలహా ఇచ్చాడట. ఆయన 2014 వరకు, పదేళ్ళపాటు, ఆ శాఖనే నిర్వహించారు.

ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు కూడ ఈ మనోధైర్యాన్ని మెచ్చుకొనక తప్పదు. అయితే ఇందులో గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. పట్టుదల ఆయనదే కాని, రెండు గంటలకు లేచి వెళ్ళిపోయే వెసులుబాటు ఆయన పదవిది. కారు, విశ్రాంతికి గది, ఫైళ్ళను సిద్ధపరచి పెట్టే కార్యదర్శులు, రాలేని రోజున సంజాయిషీ అడగని వ్యవస్థ ఆయనకు అండగా నిలిచినవి. అదే కృషి భవన్‌లో ఫైలు నడిపే గుమాస్తాకు అదే జబ్బు, అవే 36 పర్యాయాలు వచ్చినవనుకుందాం. ఘజియాబాదు నుండియో, ఫరీదాబాదు నుండియో లోకల్ రైలులో నిలబడి వచ్చే ఆ మనిషికి సగంపూట ఉద్యోగం అనేది నిబంధనలలో లేదు.

రేడియేషన్ చికిత్స స్వభావం తెలిస్తే ఈ సగంపూట సంగతి ఎంత ముఖ్యమో బోధపడుతుంది. సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు ఈ చికిత్స సాగుతుంది. యంత్రం కింద ఉండేది కొద్ది నిమిషాలే. కాని దాని ప్రభావం రోజురోజుకు పేరుకొంటుంది. నిద్రపోయినా తీరని అలసట చికిత్స చివరి దశలోను, ఆ తరువాత ఒకటి రెండు వారాలలోను తీవ్రమై, అనేకులలో కొన్ని వారాలు, కొందరిలో నెలల తరబడి ఉండిపోతుంది. మెడకు, నోటికి కిరణాలు సోకినవారికి నోరు పూసి, లాలాజలం ఎండి, రుచి తెలియక, మెతుకు దిగదు. పొత్తికడుపునకు ఇచ్చినవారికి మాటిమాటికి మరుగుదొడ్డికి పోవలసిన అవస్థ. అంటే చికిత్స పూర్తయినదని కాగితం చేతికి వచ్చే రోజే తరచు శరీరం మిక్కిలి నీరసించి ఉండే రోజు. పై అధికారి మాత్రం ఆ కాగితం చూచి, ఇక అంతా బాగయినదని భావిస్తాడు.

దీనికి తోడు అపోహలు. బయటి యంత్రం ద్వారా రేడియేషన్ తీసుకున్న మనిషి ఒంటిలో కిరణాలు మిగలవు. అతని పక్కన కూర్చున్నవారికి, కలిసి భోజనం చేసినవారికి ఏ హానీ లేదు. థైరాయిడ్ కేన్సర్‌కు రేడియో అయోడిన్ మందు పుచ్చుకొన్నవారు మాత్రం కొద్ది రోజులు ఎడంగా ఉండవలసి వస్తుంది. ఈ తేడా తెలియక మంచినీళ్ళ గ్లాసు వేరుచేసే ఆఫీసులు ఈనాటికీ ఉన్నవి.

ఇక నిబంధనల సంగతి. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1972 నాటి సెలవు నిబంధనలు వర్తిస్తాయి. వీటిని కఠినమైనవనడానికి వీలులేదు. సంవత్సరానికి 30 రోజుల ఆర్జిత సెలవు, 20 రోజుల అర్ధవేతన సెలవు జమ అవుతవి. పర్మినెంటు కాని ఉద్యోగికి సైతం, ఏడాది సర్వీసు నిండి ఉంటే, కేన్సర్ చికిత్స కొరకు 18 నెలల వరకు జీతం లేని అసాధారణ సెలవుకు అవకాశం ఉన్నది. చిక్కు అంతా తిరిగి వచ్చేటపుడు. వైద్య కారణాలపై సెలవు పెట్టిన ఉద్యోగి, తాను విధులకు తగిన స్థితిలో ఉన్నట్లు డాక్టరు సర్టిఫికెట్ సమర్పించనిదే చేరడానికి వీలులేదు. ఆ సర్టిఫికెట్‌కు రెండే మాటలు తెలుసు: తగును, తగడు. నాలుగు గంటలు పని చేయగలడు, తిరుగుడు పని కూడదు, రెండు నెలలు కూర్చుండి చేసే పని ఇవ్వవలెను అని వ్రాయడానికి అందులో చోటు లేదు. అందువల్ల రోగి ముందు రెండు దారులే మిగులుతవి. పూర్తిగా కోలుకొన్నట్లు కాగితం తెచ్చుకొని, లేని సత్తువను నటించడం. లేదా సెలవులన్నీ కరిగి జీతం ఆగిపోయే వరకు ఇంట్లో ఉండడం.

బ్రిటన్‌లో ఇదే చిక్కును 2010 ఏప్రిల్‌లో పరిష్కరించుకొన్నారు. అంతవరకు ఉన్న అనారోగ్య పత్రం స్థానే, కొన్ని సదుపాయాలు కల్పిస్తే ఈ మనిషి పనిచేయగలడు అని డాక్టరు వ్రాయగల కొత్త పత్రాన్ని ప్రవేశపెట్టారు. క్రమంగా పనిగంటలు పెంచడం, వేళలు మార్చడం, విధులు సడలించడం, పనిచేసే చోట మార్పులు చేయడం అనే నాలుగు మార్గాలు ఆ పత్రంలోనే ఉన్నవి. అంతేగాక ఆ దేశపు 2010 సమానత్వ చట్టం ప్రకారం, కేన్సర్ అని నిర్ధారణ అయిన నాటినుండే రోగికి వికలాంగులకు గల రక్షణ సంక్రమిస్తుంది.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడ ఎంతో ఉదాత్తమయినది. సర్వీసులో ఉండగా వైకల్యం కలిగిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థలు తొలగించరాదని, హోదా తగ్గించరాదని దాని 20వ సెక్షన్ శాసిస్తున్నది. కాని ఆ చట్టం పేర్కొన్న 21 రకాల వైకల్యాలలో కేన్సర్ లేదు. గొంతులోని స్వరపేటికను తొలగించగా శాశ్వతంగా మాట పోయినవారు ఆ జాబితాలోకి వస్తారు. స్వరపేటికను కాపాడుకొనేందుకు రేడియేషన్ తీసుకొని, కొన్ని నెలలపాటు గొంతు పెగలక బాధపడేవారు రారు. శాశ్వతంగా కోల్పోయినదానికి రక్షణ ఉండి, తిరిగి కోలుకొనే కాలానికి లేకపోవడం విపరీతం కాదా!

ప్రైవేటు ఉద్యోగుల స్థితి మరింత అసమానంగా ఉన్నది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరుతోపాటు ఢిల్లీలోనే మొదలయిన ఇ.ఎస్.ఐ. పథకంలో కేన్సర్ వంటి దీర్ఘవ్యాధులకు, రెండేళ్ళ ఉద్యోగం మొదలైన షరతులకు లోబడి, జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ళ వరకు భృతి లభిస్తుంది. ఇది మెచ్చదగిన ఏర్పాటు. అయితే 2017 జనవరిలో ఈ పథకానికి జీతం పరిమితిని నెలకు రూ. 21,000గా నిర్ణయించారు. నోయిడా, గుర్‌గాఁవ్‌లలో ఆ గీతకు కాస్త పైన ఉన్న ఉద్యోగికి అటు ఇ.ఎస్.ఐ. లేదు, ఇటు సర్కారీ సెలవులూ లేవు. కాంట్రాక్టు ఉద్యోగి కథ ఇంకా చిన్నది. అతనిని ఎవరూ తొలగించనక్కరలేదు. గడువు తీరిన కాంట్రాక్టును పొడిగించకపోతే చాలు. చట్టం దృష్టిలో అది రిట్రెంచిమెంటు కిందికి రాదు.

ఆయుష్మాన్ భారత్ గాని, మన తెలుగునాట 2007లో మొదలయిన ఆరోగ్యశ్రీ గాని ఆస్పత్రి బిల్లును చెల్లిస్తాయి. పోయిన జీతాన్ని చెల్లించవు. రైల్వేలు కేన్సర్ రోగికి చికిత్స నిమిత్తం స్లీపర్ తరగతిలో ఉచిత ప్రయాణం కల్పించినవి. ఈ రాయితీ కూడ ఆస్పత్రి గుమ్మం వరకే.

యజమానుల వాదన కొట్టిపారవేయదగినది కాదు. పని ఆగరాదు, ఒకరి పని మరొకరిపై పడుతుంది, చిన్న సంస్థకు ఆ భారం ఎక్కువ అన్నది నిజమే. కాని అనుభవం గల మనిషిని పోగొట్టుకొని, కొత్తవానికి పని నేర్పడం కూడ ఖర్చే. రెండు మూడు నెలలు పనిగంటలు తగ్గించడం, వేళలు సడలించడం అంతకంటె చౌక. అలాగని పవార్ ఉదాహరణను చూపి, మంత్రి చేయగా లేనిది నీవేల చేయలేవని రోగిని నిలదీయడం కూడ అన్యాయమే అవుతుంది. విశ్రాంతి తీసుకొనే హక్కు, తిరిగి వచ్చే హక్కు రెండూ రోగివే. రెంటికీ మధ్య మెట్లు కట్టడం ప్రభుత్వ ధర్మం.

ఇందులో మొదటి మెట్టుకు పార్లమెంటుతో కూడ పని లేదు. ఉద్యోగుల సెలవు నిబంధనలు రాజ్యాంగం 309వ అధికరణం కింద కార్యనిర్వాహకవర్గం రూపొందించినవే. సర్టిఫికెట్ నమూనాలో మూడవ గడి ఒకటి చేర్చి, సడలించిన పనిగంటలతో ఉద్యోగి చేరడానికి అనుమతించే అధికారం కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ చేతిలోనే ఉన్నది. తమ ఉద్యోగుల విషయంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఢిల్లీ కోసం ఎదురుచూడనవసరమే లేదు. ఇ.ఎస్.ఐ. పరిమితి పెంపు, వికలాంగుల చట్ట సవరణ ఆ తరువాతి మెట్లు. వాటికి కాలం పట్టవచ్చును. మొదటిదానికి కావలసినది ఒక ఉత్తర్వు. మన పార్లమెంటు సభ్యులు ఆస్పత్రుల మంజూరు కోసం వ్రాసే లేఖలలో ఈ ఒక్క కోరికను కూడ చేర్చితే, చికిత్సకై ఖర్చయిన ప్రజాధనానికి పూర్తి ఫలితం దక్కుతుంది.