మందుల చీటీ మీద డాక్టరు నంబరు అడుగుదాం

అప్పనపల్లి గ్రామస్తులకు విజ్ఞప్తి.

ఒంట్లో బాగోకపోతే నగరం వెళ్తాం, రాజోలు వెళ్తాం, జబ్బు ముదిరితే అమలాపురం. డాక్టరుగారి రాత అర్థం కాకపోయినా చీటీ మీద ఒకటి మనం చూసుకోగలం: ఆయన రిజిస్ట్రేషన్ నంబరు. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ ఇచ్చిన ఆ నంబరును క్లినిక్‌లో కనబడేలా పెట్టాలని, చీటీ, సర్టిఫికెట్, డబ్బు కట్టిన రసీదుల మీద వేయాలని 2002 నాటి వైద్య నియమావళిలోనే ఉంది. అడగడం తప్పు కాదు, అవమానించడమూ కాదు.

నంబరుతోపాటు కౌన్సిల్ పేరూ కావాలి. ప్రతి రాష్ట్రం తన వరుసలో నంబర్లు ఇస్తుంది కనుక ఒకే నంబరు రెండు రాష్ట్రాల్లో ఇద్దరికి ఉండొచ్చు. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టర్‌లో పేరు, నంబరు, కౌన్సిల్ వెతికితే వివరం దొరుకుతుంది. కాలేజీ పిల్లలు సెల్‌ఫోన్‌లో చూసిపెట్టగలరు. ఆయుర్వేదం, హోమియో, దంత వైద్యులకు రిజిస్టర్లు వేరు. పేరు కనబడకపోతే వెంటనే దొంగ డాక్టరని ముద్ర వేయకండి. ముందు కౌన్సిల్‌ను అడగండి.

బోర్డుల మీద ఇంకా నంబర్లుంటాయి: ఆసుపత్రికి ఇచ్చిన రిజిస్ట్రేషన్, ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు, ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే ఐడీ. అవన్నీ మంచివే. కానీ భవనానికి అనుమతి ఉన్నంత మాత్రాన లోపల సూది వేసే మనిషికి అర్హత ఉన్నట్టు కాదు. అమెరికాలో డాక్టర్లకు 10 అంకెల ఎన్‌పీఐ నంబరుంటుంది, ఎవరైనా వెతకొచ్చు. అయినా అది మనిషెవరో చెబుతుందే తప్ప వైద్యం చేసే లైసెన్సు కాదు.

గోదావరి పొంగి కాజ్‌వే మునిగితే అర్ధరాత్రి తలుపు తీసేది మన ఆర్‌ఎంపీలే. ఆ మేలు మరవం. వాళ్లు ప్రథమ చికిత్స చేసి పెద్దాసుపత్రికి పంపాలి. రిజిస్టర్‌లో లేనివారు యాంటీబయాటిక్‌లు, స్టెరాయిడ్‌లు రాస్తే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

వచ్చే గ్రామసభలో తీర్మానం చేద్దాం. మనవాళ్లు వెళ్లే డాక్టర్ల పేరు, చదువు, నంబరు, కౌన్సిల్ సచివాలయం గోడ మీద రాయించాలి. యాత్రికులకూ పనికొచ్చేలా బాల బాలాజీ గుడి దగ్గర మరో బోర్డు పెట్టాలి. ఏటా ఒకసారి సరిచూడాలి. సభకు ఇంట్లో ఉన్న పాత చీటీలు పట్టుకురండి, జబ్బు వివరాలు ఎవరికీ చూపనక్కర్లేదు. నంబరు లేకుండా రాసిచ్చిన ప్రతి డాక్టరునీ పంచాయతీ తరఫున ఉత్తరం రాసి అడుగుదాం.