వేలిముద్ర పడలేదని వెనక్కి పంపకండి

రేషన్ డీలర్లకు, బ్యాంకు కౌంటర్ల వెనక కూర్చునేవారికి, సచివాలయం, మీసేవ సిబ్బందికి, వరుసలో మా వెనక నిలబడి విసుక్కునే ఇరుగుపొరుగుకు కూడా ఈ విన్నపం.

కెపెసిటబిన్ అని ఒక కీమో బిళ్ల ఉంది. రొమ్ము, పెద్దపేగు, జీర్ణాశయం క్యాన్సర్లకు విరివిగా రాస్తారు. సెలైన్ ఎక్కించుకునే పని లేదు, ఇంట్లోనే రెండు పూటలా తిన్న అరగంటలోపు వేసుకోవచ్చు. మామూలుగా రెండు వారాలు వాడి ఒక వారం ఆపుతారు. జుట్టు పెద్దగా రాలదు కాబట్టి చూసేవాళ్లకు మనిషి బాగానే ఉన్నట్టుంటుంది. నేనూ వాడాను. బాధంతా అరచేతుల్లో, అరికాళ్లలో.

మొదట చిమచిమ. తర్వాత ఎరుపు, మంట. మన చామనఛాయ చేతుల్లో ఆ ఎరుపు సరిగా తెలియదు, నల్లబడటమే కనిపిస్తుంది. ఆపైన చర్మం పొరలు పొరలుగా లేస్తుంది. చింతపండు పిసికితే ప్రాణం పోయినంత పని. పప్పు డబ్బా మూత తిప్పలేం, జాకెట్టు హుక్కు పెట్టుకోలేం. చూడవచ్చిన చుట్టాలు "వేడి చేసిందమ్మా, మజ్జిగ తాగు" అంటారు. మజ్జిగ మంచిదే, కానీ ఇది ఆ వేడి కాదు.

ఆ పొరలతో పాటు కొందరికి వేలి గీతలూ పోతాయి. ఇదే మందు వాడుతున్న సింగపూర్ పెద్దమనిషి ఒకాయన 2008 డిసెంబరులో బంధువులను చూడటానికి అమెరికా వెళితే, వేలిముద్రలు పడలేదని విమానాశ్రయంలో నాలుగు గంటలు ఆపేశారు. ఆ సంగతిని ఆయన డాక్టరు 2009లో వైద్య పత్రికకు రాశారు. మనకు అమెరికా దాకా అక్కర్లేదు, రేషన్ బియ్యం దగ్గరే ఆగిపోతాం.

"చేతులు శుభ్రంగానే ఉన్నాయిగా" అని కూడా అనకండి. నెదర్లాండ్స్ డాక్టర్ల పరిశీలన ఒకటి 2017లో అచ్చయింది. చేతి మంట ఎంత ఉందన్నదానికీ గీతలు చెరగడానికీ పొంతన లేదని అందులో తేలింది. మందు ఆపాక కొన్ని వారాల్లో గీతలు తిరిగి వచ్చినవారూ అందులో ఉన్నారు. ఈలోపు బియ్యం, పింఛను ఆగకూడదు కదా!

మా డిపోలో ఏం జరిగిందో చెబుతాను. బొటనవేలు పెట్టాను, పడలేదు. చూపుడువేలు, పడలేదు. "గట్టిగా నొక్కమ్మా" అన్నాడు డీలరు. "తలకు రుద్దుకుని పెట్టండి పిన్నిగారూ" అని వెనకనుంచి ఎవరో. గట్టిగా నొక్కాను. పొక్కిన పొర ఊడి మిషన్ అద్దానికి అంటుకుపోయింది. ఆయన దాన్ని చొక్కా అంచుతో తుడిచి, తర్వాతి కార్డును పిలిచాడు. ఆయన చెడ్డవాడని అనను. అలా ఎందుకవుతుందో ఆయనకెవరూ చెప్పలేదు.

అందుకే అడుగుతున్నాను. రెండోసారి పడకపోతే వేలు పెట్టించడం ఆపేయండి. ఆధార్‌లో వేలిముద్ర ఒక్కటే లేదు. కనుపాప ఉంది, ముఖం ఉంది, ఫోనుకొచ్చే ఓటీపీ ఉంది. ముద్ర పడలేదన్న కారణంతో రేషన్ నిరాకరించొద్దని ఆధార్ సంస్థే 2017లో రాష్ట్రాలకు రాసింది. పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్‌ను 2021 నవంబరు నుంచి ఫోనులో ముఖం చూపించి ఇవ్వొచ్చు. దారులున్నాయి. వాటిని వాడండి, "రేపు రండి" అనకండి.

ఈ బిళ్ల మొదలుపెడుతున్నవారికీ ఒక మాట. ముందే ఆధార్‌కు ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబరు ఎక్కించుకోండి, కనుపాప సరిగా నమోదైందో లేదో అడగండి. వేడినీళ్లతో అంట్లు తోమడం, చేతుల్ని రాపిడి పెట్టే పనులు ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి. చిమచిమలాడిన రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. మందు ఆపేస్తారేమోనని దాచిపెట్టేవాళ్లే ఎక్కువ బాధ పడతారు. మోతాదు తగ్గించడం, కొన్నాళ్లు ఆపి మళ్లీ ఇవ్వడం డాక్టర్లకు మామూలే. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు మామూలు డైక్లోఫెనాక్ జెల్‌ను ముందునుంచే చేతులకు రాయించి చూస్తే, ఇబ్బంది పెట్టే స్థాయి మంట నూటికి 15 మందికి బదులు నలుగురిలోపే కనిపించింది. మీకది పనికొస్తుందేమో డాక్టరును అడగండి, సొంతంగా మాత్రం రాసుకోకండి.

చివరిగా క్యాన్సర్ డాక్టర్లకు. మందుల చీటీ మీద "ఈ మందు వల్ల వేలిముద్రలు పడకపోవచ్చు" అని తెలుగులో ఒక్క ముక్క రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టి ఇవ్వండి. కౌంటరు దగ్గర చూపించుకుంటాం.